అడ్మిన్ చేతిలో డిలీట్ బటన్

గ్రూపు నడిపే అడ్మిన్‌కి రెండు రకాల ఫిర్యాదులు వస్తుంటాయి. "ఈ చెత్తంతా ఏంటండీ, తీసెయ్యరేం?" అని ఒకరు. "నా పోస్టు ఎందుకు తీసేశారు? అభిప్రాయం చెప్పుకునే హక్కు నాకు లేదా?" అని ఇంకొకరు. చాలాసార్లు రెండూ ఒకే పోస్టు గురించే వస్తాయి. ఈ గోలంతా పడలేక ఎక్కువమంది అడ్మిన్లు రెండు దార్లలో ఏదో ఒకటి పట్టుకుంటారు. దేన్నీ ముట్టుకోకుండా వదిలెయ్యడం ఒక దారి. రాజకీయాలు, కులం, మతం, భాష అంటూ గొడవొచ్చే ప్రతిదాన్నీ నిషేధించి గుడ్ మార్నింగులూ పుట్టినరోజు శుభాకాంక్షలూ మాత్రం మిగల్చడం రెండోది. రెండూ తప్పేనని నా గట్టి నమ్మకం. పైగా రెండింటివల్లా నోరు మూతపడేది ఒకే రకం మనుషులకి: చెప్పడానికి నిజంగా ఏదో ఉండి, చెప్పే తీరికా ధైర్యమూ తక్కువగా ఉన్నవాళ్లకి.

మేం కొందరం కలిసి బడి చదువుల మీద ఒక గ్రూపు నడుపుతున్నాం. ప్రభుత్వ టీచర్లు, ప్రైవేటు స్కూళ్లలో పనిచేసేవాళ్లు, రిటైరైన హెడ్మాస్టర్లు, పిల్లల తల్లిదండ్రులు ఉంటారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చేందుకు జీవో 81, ఆ వెంటనే జీవో 85 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. ఆ మధ్య నెలల్లో తెలుగువాళ్లున్న ప్రతి గ్రూపులాగే మాదీ ఉడికిపోయింది. మోడరేషన్ గురించి, అంటే ఏ పోస్టు ఉంచాలి ఏది తియ్యాలి అన్నదాని గురించి, నాకున్న అభిప్రాయాలన్నీ దాదాపు అప్పుడు ఏర్పడినవే. అందుకని అప్పటి రెండు పోస్టుల గురించి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది తెలుగు మీడియం ఉండాలంటూ ఒక పెద్దాయన పెట్టిన వ్యాసం. చక్కటి తెలుగు. మధ్యలో పద్యపాదాలు, ఒక్క అక్షరదోషం లేదు. మొదటిసారి పెట్టినప్పుడు చాలామంది మెచ్చుకున్నారు, కొందరు గట్టి ప్రశ్నలు వేశారు. ఆయన వాటిలో దేనికీ జవాబివ్వలేదు. రెండ్రోజులకి అదే వ్యాసం మళ్లీ పెట్టారు. తర్వాత బదిలీల గురించి మాట్లాడుతున్నచోట పెట్టారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు సరిగ్గా రావట్లేదని ఒక తల్లి అడిగిన ప్రశ్న కింద కూడా పెట్టారు. ఆ తల్లి ప్రశ్న పైకెక్కడికో జరిగిపోయింది, ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండోది ఒక ఆటో డ్రైవరు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు. "మీ పిల్లలు ఏ మీడియంలో చదివారో చెప్పండి ముందు. తర్వాత మా పిల్లలకి తెలుగు గొప్పతనం చెబుదురు గాని." అంతే, రెండు ముక్కలు. గంటలోపే ఫిర్యాదులొచ్చాయి. వ్యక్తిగత దాడి అన్నారు, మర్యాద లేదన్నారు, గ్రూపు స్థాయి పడిపోతోందన్నారు. నిజం చెప్పాలంటే, మామూలు గ్రూపు నియమాల ప్రకారం చూస్తే తీసెయ్యాల్సింది ఈ రెండోదే. మొదటిది అన్ని నియమాలూ పాటించింది.

మేం ఆటో డ్రైవరు పోస్టుని ఉంచాం. పెద్దాయన వ్యాసం మొదటిసారి పెట్టినదాన్ని ఉంచి, తిరిగి తిరిగి పెట్టినవి తీసేశాం.

ఎందుకంటే ఆటో డ్రైవరు మాటలో అడగాల్సిన ప్రశ్న ఉంది. నిర్ణయం గురించి గట్టిగా మాట్లాడేవాళ్లూ దాని ఫలితం అనుభవించేవాళ్లూ వేరువేరు మనుషులైనప్పుడు ఆ తేడా బయటపెట్టడం వాదనే. మొరటుగా ఉన్నా వాదనే. నేను ఆయనకి విడిగా మెసేజ్ పెట్టి, "అన్నా, మీకెందుకలా అనిపించిందో కొంచెం రాయండి" అన్నాను. ఆ రాత్రి రాశారు. పెద్దమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. టౌన్లో ఇంటర్ ఎంపీసీలో చేరితే ఫిజిక్స్ క్లాసు మొత్తం ఇంగ్లీషులో. మొదట్లో చెయ్యెత్తి అడిగేదట. పక్కవాళ్లు నవ్వేసరికి అడగడం మానేసిందట. "పిల్లకి లెక్క వచ్చు. లెక్కని అడిగే భాష రాదు" అని రాశారు.

దానికి జవాబు ఇంగ్లీషు మీడియాన్ని వ్యతిరేకించే ఒక టీచరమ్మ దగ్గర్నుంచి వచ్చింది. తన పిల్లలు ఇంగ్లీషు మీడియమేనని ఆమె దాచకుండా చెప్పారు. ఇంట్లో తనూ భర్తా ఇద్దరూ చదువుకున్నవాళ్లం కాబట్టి సాగిందని, తన రెండో తరగతిలో మాత్రం ఇంట్లో పుస్తకమే లేని పిల్లలున్నారని, తీసివేతని తెలుగులో చకచకా చేసే పిల్లాడు అదే లెక్కని ఇంగ్లీషు వాక్యంలో ఇస్తే ఏ అంకెలోంచి ఏది తియ్యాలో తెలీక కూర్చుండిపోతున్నాడని రాశారు. జీవోని సమర్థించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ ఆ రోజు ఒకరి మాట ఒకరు చదివారు. ఎవరూ పక్షం మార్చుకోలేదు, మారాలని నేనూ అనుకోలేదు. కానీ ఆ మొదటి రెండు ముక్కల్ని మర్యాద పేరుతో తీసేసి ఉంటే ఆ రెండు పోస్టులూ పుట్టేవే కాదు.

కాబట్టి నాసిరకం పోస్టంటే నా లెక్కలో ఇది: జవాబివ్వాలనుకున్నవాడికి పట్టు దొరకనిది. చూసింది చెప్పడు, కారణం చెప్పడు, ఎక్కడిదో చెప్పడు, అడిగినదానికి పలకడు. అలాంటి పోస్టు నాకు నచ్చిన పక్షానికి మద్దతుగా ఉన్నా నాసిరకమే. పట్టు దొరికే పోస్టు నా ఒళ్లు మండించినా ఉండాల్సిందే. పోస్టు ఏ పక్షానిదో చూడకుండానే ఈ పరీక్ష పెట్టొచ్చు. అందుకే నాకిది నచ్చుతుంది.

భాష బాగోలేకపోవడాన్ని నాసిరకంగా లెక్కగట్టడం మనవాళ్లలో చాలా లోతుగా ఉన్న జబ్బు. అక్షరదోషాలుంటే చులకన, యాసలో రాస్తే నవ్వు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే చదవకుండానే దాటెయ్యడం. ఇది ఇవాళ ఫోన్లతో వచ్చింది కాదు. 1910 దశకంలో వాడుక తెలుగుని పరీక్షల్లో రాయనివ్వాలా వద్దా అన్న తగువు మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లింది. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, ఆయన వెంట నిలిచినవాళ్లు వాడుక భాష వైపు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు. వాడుక భాషకి ఇచ్చిన అనుమతి పండితుల ఒత్తిడితో వెనక్కి పోయింది. పండితులు ఫలానా అభిప్రాయం చెప్పొద్దని ఎవర్నీ అనలేదు. భాష స్థాయి కాపాడుతున్నామనే అన్నారు. కానీ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసుకునే పిల్లాడికి పరీక్ష కాగితం మీద చోటు లేకుండా పోయింది. అభిప్రాయం జోలికే వెళ్లకుండా మనిషిని బయట నిలబెట్టొచ్చని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఏటా ఆగస్టు 29న గిడుగు వారి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, ఆ రోజు గ్రూపులో ఎవరైనా శ్రీకాకుళం మాటలోనో తెలంగాణ మాటలోనో నాలుగు ముక్కలు రాస్తే సరిచెయ్యడానికి దిగేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

కొన్ని మాటల్ని నిషేధిస్తే సరిపోతుందనేవాళ్లకి కూడా నా సమాధానం ఇలాంటిదే. 1996లో ఇంటర్నెట్ సేవలిచ్చే ఏఓఎల్ కంపెనీ బూతుమాటల్ని ఆపే ఫిల్టరు పెడితే, ఇంగ్లండులోని స్కంథార్ప్ అనే ఊరివాళ్లకి తమ ఊరి పేరుతో ఖాతా తెరవడమే కుదరలేదు, ఆ పేరులోని అక్షరాల్లో ఒక బూతుమాట ఇమిడి ఉందని. వినడానికి చిన్న విషయమే. మన దగ్గర ఇదే పని చేస్తే దెబ్బ చాలా పెద్దది. స్టాఫ్‌రూములో తనని కులం పేరుతో ఏమన్నారో ఒక దళిత టీచరు రాయాలంటే ఆ మాట రాయాల్సిందే. ఫిల్టరు ఆయన పోస్టుని ఆపేస్తుంది. "కొందరికి ఎంత చదువిచ్చినా సంస్కారం రాదు లెండి" అన్న పోస్టుని మాత్రం పోనిస్తుంది, అందులో నిషేధించిన మాట ఒక్కటీ లేదు కాబట్టి. అవమానం ఆ రెండో పోస్టులో ఉంది. ఏ పక్కనుంచి ఎవరి మీదికి విసిరారో చదివి అర్థం చేసుకోవడానికి మనిషి కావాలి.

ఇక గ్రూపు నియమాలు. "అభ్యంతరకరమైన పోస్టులు తొలగించబడును" అని ప్రతి గ్రూపు ముందు గుమ్మంలో రాసి ఉంటుంది. ఎవరికి అభ్యంతరం? ఎంత అభ్యంతరం? ఐటీ చట్టంలో సెక్షన్ 66ఎ ఇలాంటి భాషలోనే ఉండేది. చిరాకు కలిగించేది, అసౌకర్యం కలిగించేది అంటూ. దానికి మూడేళ్ల దాకా జైలు. 2012 నవంబరులో ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ప్రశ్నించినందుకు పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయిని, ఆ పోస్టుని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. ఆ తర్వాత శ్రేయా సింఘాల్ వేసిన కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని మొత్తంగా కొట్టేసింది. ధర్మాసనంలో మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్. చర్చించడం వేరు, ఒక పక్షం తీసుకుని వాదించడం వేరు, రెచ్చగొట్టడం వేరని, మొదటి రెండూ ఎంత నచ్చకపోయినా ఆపడానికి లేదని ఆ తీర్పు చెప్పింది. చిరాకు లాంటి మాటలకి హద్దే లేదని కూడా చెప్పింది. గ్రూపు ప్రభుత్వం కాదు, వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే రాజ్యాంగంలోని 19వ అధికరణం అడ్మిన్ చేతులు కట్టెయ్యదు. అయినా ఆ తర్కం మాకు పనికొచ్చింది. నియమం ఎంత వదులుగా ఉంటే అది అంతగా అడ్మిన్ మూడ్ మీద నడుస్తుంది. సభ్యులు తీసెయ్యబడతామన్న భయంతో ముందే నోరు కట్టేసుకుంటారు.

అందుకని మేం నియమాల్ని ఎవరైనా పోస్టు పక్కన పెట్టి సరిచూసుకోగలిగేలా రాసుకున్నాం. వేరేవాళ్లది తెచ్చి పెడితే, ఎందుకు పెడుతున్నారో సొంతమాటల్లో రెండు వాక్యాలైనా రాయాలి. అంకె చెబితే అదెక్కడిదో చెప్పాలి. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పాలంటే ముందు వచ్చిన ప్రశ్నలకి జవాబిచ్చి చెప్పాలి. ఒకరి ప్రశ్న కింద వేరే గొడవ తేకూడదు. ఎవరి కులాన్నీ, ఎవరింటి ఆడవాళ్లనీ లాగకూడదు. బడి పిల్లల ఫొటోలు వద్దు. అంతే. "మర్యాదగా ఉండాలి" అని మేం రాయలేదు. కావాలనే రాయలేదు.

పుకార్ల సంగతి పూర్తిగా వేరు, దాన్ని దీంతో కలపకూడదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వాట్సాప్ మెసేజ్‌లు నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బీదర్ జిల్లా ముర్కిలో అలాగే చనిపోయాడు. అలాంటి మెసేజ్ కనపడితే చర్చలేదు, వెంటనే తీసెయ్యడమే.

తీసెయ్యడం కాకుండా ఇంకేం చెయ్యొచ్చన్నది నాకు చాలా ఆసక్తిగా ఉంటుంది. వాట్సాప్ 2018లో మనదేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా ఆపింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌లని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపేలా బిగించింది. అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని కంపెనీయే ప్రకటించింది. మెసేజ్‌లో ఏముందో చూడకుండా, ఎవరి నోరూ నొక్కకుండా జరిగిన పని ఇది. చెప్పుకోవాలంటే ఇప్పటికీ చెప్పుకోవచ్చు, కాకపోతే కాస్త శ్రమ పడాలి. మేం వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి మారడానికి కారణం కూడా అలాంటిదే, అక్కడ స్లో మోడ్ ఉంది. ఒకసారి పోస్టు పెట్టాక మళ్లీ పెట్టాలంటే కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆగాలి, ఎంతన్నది అడ్మిన్ నిర్ణయిస్తాడు. చర్చ వేడెక్కినప్పుడు పదిహేను నిమిషాలకి పెడతాం. రోజంతా ఫోను పట్టుకుని కూర్చునేవారికీ, సాయంత్రం ఆటో దించి ఒక్కసారి చూసేవారికీ మధ్య తేడా దాంతో కొంత తగ్గుతుంది. అడ్మిన్లకి మాత్రం స్లో మోడ్ వర్తించదు. మా అడ్మిన్లం దాన్ని మేమే లెక్క చూసుకుని పాటిస్తాం. పాటించకపోతే చర్చలో మా గొంతొక్కటే మిగులుతుంది.

రెడిట్ అనే సైటులో రెండు చర్చావేదికలున్నాయి, రెండూ ఈ విషయంలో చాలా నేర్పుతాయి. ఛేంజ్ మై వ్యూ అనే దాంట్లో ఎంత మొండి అభిప్రాయమైనా పెట్టొచ్చు. కానీ కారణాలతో కనీసం 500 అక్షరాలు రాయాలి, పెట్టాక మూడు గంటల్లోపు వచ్చి ఎదుటివాళ్లతో మాట్లాడాలి. లేకపోతే పోస్టు పోతుంది. అభిప్రాయానికి వాళ్లు పెట్టిన ధర శ్రమ ఒక్కటే. ఆస్క్ హిస్టోరియన్స్ అనేదాంట్లో ఇంకా కఠినం. చరిత్ర ప్రశ్నకి లోతైన జవాబే ఉండాలి, జోకులూ ఒంటివాక్యాలూ తీసేస్తారు, గత ఇరవై ఏళ్లలో జరిగినవాటి గురించి అడగనివ్వరు. అక్కడికి మొదటిసారి వెళ్లినవాళ్లకి తీసేసిన వ్యాఖ్యల వరసే కనపడుతుంది. కానీ మిగిలిన ఒక్క జవాబు చదివితే కడుపు నిండుతుంది.

ఇదంతా ఒక్కోసారి ఎటు తిరుగుతుందో కూడా చెప్పాలి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో నాణ్యతనే ప్రాణంగా పెట్టుకుని పెరిగింది. ఇది ముందే అడిగారు, ఇది స్పష్టంగా లేదు అంటూ ప్రశ్నల్ని మూసెయ్యడం అక్కడ రోజువారీ పని. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు చేసిన మన పిల్లలెందరో మొదటి ప్రశ్న అడిగి చివాట్లు తిని మళ్లీ అటువైపు పోలేదు. కొత్తవాళ్లకి, బయటివాళ్లకి ఇక్కడ ఆదరణ లేదని 2018లో ఆ కంపెనీయే తన బ్లాగులో ఒప్పుకుంది. ఫలానా అభిప్రాయం వద్దని అక్కడ ఎవరూ అనలేదు. అయినా అడగడం రానివాళ్లు వెళ్లిపోయారు. అందుకే మా దగ్గర ఏ పోస్టునైనా తీసేముందు, అది ఫార్వర్డో పుకారో కాకపోతే, మొదట అడుగుతాం. "ఇది మీరు చూశారా, విన్నారా? ఎక్కడ?" సగంమంది చెప్తారు. ఆ చెప్పినది మొదటి పోస్టు కంటే ఎప్పుడూ బాగుంటుంది. మిగతా సగం తామే డిలీట్ చేసుకుంటారు.

ఏదీ తియ్యకుండా వదిలేస్తే మంచి మాటే నిలుస్తుందని నమ్మే మిత్రులు నాకున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ వాళ్లు గ్రూపులో ఎవరు రాస్తున్నారో చూస్తారు, ఎవరు మానేశారో చూడరు. గుడ్డు గురించి అడిగిన ఆ తల్లి మళ్లీ ఏదైనా అడగడానికి చాలా కాలం పట్టింది. ఆమెని ఎవరూ ఆపలేదు, తిట్టలేదు, పోస్టు తియ్యలేదు. ఆమె ప్రశ్న మీద వంద మెసేజ్‌లు పడ్డాయంతే. పని ముగించుకుని పది నిమిషాలు ఫోను చూసుకునే ఆడవాళ్లు అలాంటిచోట మాట్లాడరు. వాళ్లు వెళ్లిపోయాక మిగిలినదాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు మనసొప్పదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పట్టు దొరుకుతోందో లేదో నిర్ణయించేది అడ్మినే కదా, అతనికి పక్షపాతం ఉండదా? ఉంటుంది. నాకూ ఉంది. ఇంగ్లీషు మీడియం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నా పక్షంవాళ్లు రాసిన ఫార్వర్డు నాకు చటుక్కున అర్థవంతంగా కనపడుతుంది. దీనికి మంచితనం మందు కాదు, ఏర్పాట్లు కావాలి. ఏదైనా తీస్తే ఏ నియమం కింద తీశామో గ్రూపులోనే రాస్తాం. వాట్సాప్‌లో అడ్మిన్ తీసేస్తే ఎవరు తీశారో కనపడుతుంది గాని ఎందుకన్నది కనపడదు. ఎందుకన్నదే ముఖ్యం. కొన్ని వేదికలు మనిషికి చెప్పకుండా అతని పోస్టులు ఇతరులకి కనపడకుండా చేస్తాయి. అతను మాట్లాడుతూనే ఉంటాడు, ఎవరూ వినరు. తిట్టి పంపెయ్యడం కంటే అది నీచమైన పనని నేననుకుంటాను.

ఈమధ్య ఇంకో కొత్త రకం మొదలైంది. ఏఐతో రాయించిన పోస్టులు. భాష శుభ్రంగా ఉంటుంది, మర్యాదకి లోటుండదు, ఇటూ అటూ రెండు పక్షాలూ చెప్తుంది. "మీ బడిలో ఎలా జరిగింది?" అని అడిగితే మాత్రం జవాబుండదు, ఎందుకంటే ఆ పోస్టు వెనక ఏ బడీ లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీతో రాయించిన జవాబుల్ని నిషేధించింది. మా గ్రూపులో నిషేధం పెట్టలేదు. టైపింగు కష్టమైనవాళ్లు తమ మాటని దానితో రాయించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అడిగినప్పుడు మనిషి పలకాలి, అంతే. ఇంతకాలం భాష బాగుందని పాస్ చేసి, బాగోలేదని ఆపిన అడ్మిన్లకి ఇప్పుడు ఆ కొలత పూర్తిగా చేతిలోంచి జారిపోయింది.

జీవోల గొడవ నడుస్తున్నప్పుడే మేం ఇంకో ఏర్పాటు చేసుకున్నాం, ఇప్పటికీ అదే నడుస్తోంది. నేను వాదిస్తున్న చర్చలో నేను ఏ పోస్టూ తియ్యను. తియ్యాలనిపిస్తే, ఆ విషయంలో నాకు ఎదురు అభిప్రాయం ఉన్న అడ్మిన్‌కి పంపుతాను. మా అడ్మిన్లలో ఆ జీవోని సమర్థించిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు. నేను పంపినవాటిలో చాలా వాటిని ఆయన "ఉండనియ్యండి సార్, ఇందులో విషయం ఉంది" అని తిప్పి పంపేశారు. ఆయన పంపినవి నేనూ అలాగే తిప్పి పంపాను. ఇద్దరం ఒప్పుకున్నవి తీస్తాం. ఒప్పుకోవడం కుదరనివి గ్రూపులోనే ఉంటాయి.